అకౌంట్ డిలీట్ చేస్తే నిజంగా పోయేదేమిటి?

అమెరికా వీసా స్లాట్ దొరికిందనగానే కొందరు పిల్లలు చేసే మొదటి పని పాత ఫేస్‌బుక్, ఎక్స్ అకౌంట్లు లేపేయడం. ఎప్పుడో ఇంటర్‌లో ఉన్నప్పుడు హీరోల ఫ్యాన్స్ గొడవల్లో తిట్టిన తిట్లు, ఎన్నికలప్పుడు ఆవేశంలో షేర్ చేసిన వీడియోలు కాన్సులేట్ వాళ్ల కంట పడతాయేమోనని టెన్షన్. భయం ఊరికే రాలేదు లెండి. చదువుకోవడానికి వెళ్లేవాళ్లు తమ ప్రొఫైళ్లను పబ్లిక్‌లో పెట్టాలని 2025 జూన్‌లో చెప్పారు, డిసెంబర్ వచ్చేసరికి హెచ్1బి, హెచ్4 వాళ్లకూ అదే వర్తింపజేశారు. అయితే డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఉన్న ప్రశ్న ఇప్పుడు ఏ అకౌంట్లు ఉన్నాయని కాదు, గత 5 ఏళ్లలో ఏవేవి వాడారని. 2019 నుంచీ అలాగే అడుగుతున్నారు. అంటే నిన్న రాత్రి డిలీట్ చేసినదాని పేరు కూడా అక్కడ రాయాల్సిందే, రాయకపోతే దాచినట్టు లెక్క. డిలీట్ చేసినందువల్ల ప్రశ్న పోలేదు, పైగా జవాబు చెప్పడం కష్టమైంది.

డిలీట్ అనగానే పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు మనసులో ఒక బొమ్మ కడుతుంది. పలక మనది, బలపం మనది, రాసింది మనం, తుడిచేశాం, అయిపోయింది. సోషల్ మీడియాలో పలకే మనది కాదు, మనం రాసిందాన్ని పక్కవాళ్లు అప్పటికే తమ పలకల్లోకి ఎక్కించుకుని ఉంటారు, పైగా తుడిచేది కంపెనీవాడు, వాడు తన వీలు చూసుకుని తుడుస్తాడు. ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని చాలామంది బటన్ నొక్కాకగానీ గమనించరు. ఆ బటన్ వల్ల ఖచ్చితంగా పోయేవి మనకు కావాల్సినవి, అంటే పదేళ్ల ఫొటోలు, చనిపోయిన తాతయ్య ఆ ఫొటోల కింద పెట్టిన రెండు ముక్కలు, అలాంటివి. ఎంత తంటాలు పడ్డా మిగిలిపోయేవి మాత్రం మనం పోవాలనుకున్నవే.

ముందు ఒక గందరగోళం తీర్చేయాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే అకౌంట్ పోదు. ఇది కూడా చెప్పాలా అనిపిస్తుందిగానీ, ‘ఫేస్‌బుక్ తీసేశానండీ’ అనేవాళ్లలో ఎంతోమంది చేసింది అంతవరకే. ప్రొఫైల్ ఎప్పటిలాగే అక్కడే ఉంటుంది, పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పడుతూనే ఉంటాయి, థాంక్స్ కూడా చెప్పలేదని అవతలివాళ్లు నొచ్చుకుంటారు. డీయాక్టివేట్ చేయడమంటే ఇంటికి తాళం వేసి ఊరెళ్లడం. బయటివాళ్లకు తలుపు మూసి కనిపిస్తుంది, సామాన్లన్నీ లోపల ఎక్కడివక్కడే ఉంటాయి, ఏడాది తర్వాత వచ్చి తాళం తీసినా సరే. ఫేస్‌బుక్‌ను ఇలా మూసినా మెసెంజర్ కిటికీ తెరిచే ఉంచుకోవచ్చు. కానీ ఎక్స్‌లో ఇదే మాటకు అర్థం వేరు. అక్కడ డీయాక్టివేట్ అనేది డిలీట్‌కు మొదటి మెట్టు, 30 రోజుల్లోపు మళ్లీ లాగిన్ కాకపోతే అకౌంట్ శాశ్వతంగా పోతుంది. ఫేస్‌బుక్ అలవాటుతో ఎక్స్‌కూ తాళం వేసి వచ్చామనుకున్న మనిషి రెండు నెలల తర్వాత వెళ్తే అక్కడ ఇల్లే ఉండదు.

ఫేస్‌బుక్‌లో అసలు డిలీట్ బటన్ ఎక్కడుందో కనుక్కోవడమే ఓ పని. సెట్టింగ్స్, అందులో అకౌంట్స్ సెంటర్, అందులో పర్సనల్ డీటెయిల్స్, అందులో అకౌంట్ ఓనర్‌షిప్ అండ్ కంట్రోల్, అప్పుడు డీయాక్టివేషన్ ఆర్ డిలీషన్. అకౌంట్ తెరిచేటప్పుడు ఇన్ని గుమ్మాలు దాటినట్టు ఎవరికీ గుర్తుండదు. తీరా అక్కడికి చేరాక ఎందుకు వెళ్లిపోతున్నారని అడుగుతుంది, కారణం చెప్తే దానికి ఏదో ఒక ఉపాయం చూపిస్తుంది, పోనీ కొన్నాళ్లు డీయాక్టివేట్ చేసుకోకూడదా అంటుంది. పెళ్లిలో అక్షింతలు వేసి మెల్లగా జారుకుందామని చూస్తుంటే చేయి పట్టుకుని ‘భోంచేయకుండా ఎలా వెళ్తావురా’ అనే మేనమామ గుర్తొస్తాడు. ఇక్కడ మేనమామకు ఒక్కో భోజనం మీద ప్రకటనల డబ్బొస్తుంది, అదీ తేడా.

అన్నీ దాటి నొక్కాక 30 రోజుల గడువు మొదలవుతుంది. ఇదివరకు ఇది 14 రోజులే, 2018లో 30 చేశారు. మనసు మార్చుకుని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారని అప్పట్లో కంపెనీ చెప్పిన కారణం. అది అబద్ధం కాకపోవచ్చు. భార్యాభర్తలు గొడవపడ్డ రాత్రి అకౌంట్ డిలీట్ చేసి తెల్లారి లబోదిబోమనేవాళ్లకు, ఎవడో హ్యాక్ చేసి కక్షకొద్దీ డిలీట్ కొట్టినవాళ్లకు ఈ గడువు నిజంగా ప్రాణం పోస్తుంది. కంపెనీకి కూడా లాభమే అన్నది వేరే సంగతి. వాట్సాప్‌కు ఈ మొహమాటం లేదు. అక్కడ డిలీట్ మై అకౌంట్ అని నంబర్ కొట్టి నొక్కారంటే వెనక్కి దారి లేదు, ఫోన్‌లోని చాట్‌లు, గూగుల్ బ్యాకప్ అన్నీ కలిపి పోతాయి.

ఆ 30 రోజులూ లోపల దాదాపు ఏమీ చెరగదు. ఈ అకౌంట్ పోవాల్సిందని ఒక గుర్తు పడుతుంది, గుర్తు పడ్డవాటిని బయటికి చూపించకూడదని సిస్టమ్‌కు తెలుసు, అంతే. అసలు పని ఆ తర్వాత. మొత్తం తొలగించడానికి మొదలుపెట్టినప్పటి నుంచి 90 రోజుల దాకా పట్టొచ్చని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ తమ సహాయ పేజీల్లోనే రాసుకున్నాయి. ఫోన్‌లో ఒక ఫొటో తీసేయడానికి సెకను కూడా పట్టదు కదా, వీళ్లకు మూడు నెలలెందుకు?

గృహప్రవేశం ఫొటో ఒకటి పెట్టారనుకుందాం. పెద్ద తెరకు ఒక సైజు, ఫోన్‌కు ఒక సైజు, చిన్న బొమ్మకు ఇంకో సైజు, ఇలా దానికి ముందే నాలుగైదు కాపీలు తయారై, త్వరగా తెరుచుకోవడం కోసం దేశదేశాల సర్వర్లలో సర్దుకుంటాయి. ఆ ఫొటోకు ఆల్బమ్‌తో ఒక ముడి, లైక్ కొట్టిన ప్రతి మనిషితో ఒక ముడి, ట్యాగ్ చేసిన బావగారితో ఒక ముడి, దాన్ని షేర్ చేస్తూ పైన ‘మా అక్క కొత్తిల్లు, ఎంత బాగుందో’ అని రాసుకున్న పిన్నితో ఒక ముడి. ఇప్పుడు ఫొటోను లాగేయాలి. కింద కామెంట్లు దాంతోపాటు రావాలి, ఫొటో లేకుండా వాటికి అర్థం లేదు కాబట్టి. కానీ కామెంట్ లాగబోయి కామెంట్ పెట్టిన మనిషి అకౌంట్‌ను లాగేయకూడదు. పిన్ని షేర్‌లోంచి ఫొటో పోవాలి, పిన్ని రాసుకున్న వాక్యం పిన్నిది, దాని జోలికి వెళ్లకూడదు. ఇలా ప్రతి ముడి దగ్గరా ‘దీన్ని లాగితే అది కూడా రావాలా, తెగాలా’ అన్నది ప్రోగ్రామర్ ముందే రాసి పెట్టాలి. ఒక ముడి మర్చిపోయారో, మన డేటా ముక్క ఒకటి ఎవరికీ కనపడకుండా ఏ మూలో అనాథలా ఉండిపోతుంది. తప్పుగా రాశారో, పక్కవాళ్లది పోతుంది. 2020లో ఫేస్‌బుక్ ఇంజనీర్లే ఒక భద్రతా సదస్సులో పరిశోధన పత్రం ఇస్తూ ఈ రెండు రకాల తప్పులూ జరుగుతాయనీ, వాటిని పట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక వ్యవస్థ కట్టుకోవాల్సి వచ్చిందనీ రాశారు. పొరపాటున ఎక్కువ చెరిగితే తిరిగి పెట్టడానికి, చెరిపినవాటి చిట్టా కూడా కొంతకాలం దాచుకుంటారట. చెరపడానికి ఓ కాపీ తీసిపెట్టుకోవడం! నవ్వొస్తుందిగానీ వేరే దారి లేదు.

ఇక బ్యాకప్‌లు. ఏ కంపెనీ అయినా సర్వర్లు కాలిపోతే పనికొస్తాయని డేటాకు కాపీలు తీసి విడిగా పెట్టుకుంటుంది. అందులోంచి ఒక్క మనిషి వివరాలు ఏరి పారేయడమంటే ధాన్యం గాదెలోంచి ఒక్క చేనుకు చెందిన గింజల్ని ఏరడంలాంటిది. అందుకే మామూలుగా ఆ బ్యాకప్ గడువు తీరి, దాని మీద కొత్తది పడేదాకా ఆగుతారు. కొందరు ఇంకో పద్ధతి పాటిస్తారు. ఒక్కొక్కరి డేటాకు ఒక్కో రహస్య తాళంచెవి పెట్టి, డిలీట్ అన్నప్పుడు ఆ చెవిని పారేస్తారు. డేటా అక్కడే ఉంటుంది, ఎవరూ చదవలేరు.

ఇదంతా కంపెనీ లోపలి సంగతి, ఆలస్యమైనా ఎప్పటికో అవుతుంది. అసలు మిగిలేది మనుషుల దగ్గర. మెసెంజర్‌లో పంపిన సందేశాలు అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంటాయి, పేరు ఉండాల్సిన చోట ‘ఫేస్‌బుక్ యూజర్’ అని కనిపిస్తుంది, రాసిందెవరో వాళ్లకు తెలియదా ఏమిటి. వాట్సాప్‌లో మన ఫోన్ ఖాళీ అవుతుంది, పంపిన ప్రతి ఫొటో, ప్రతి వాయిస్ మెసేజ్ అందుకున్నవాళ్ల ఫోన్లలో భద్రంగా ఉంటుంది. గ్రూపుల్లోంచి పేరు పోతుంది, మనం పెట్టిన గ్రూపు మాత్రం పోదు. పెళ్లి పనుల కోసం గ్రూపు తెరిచిన అన్నయ్య అకౌంట్ తీసేస్తే, అడ్మిన్ ఆయనొక్కడే అయితే ఆ పదవి గ్రూపులో ఇంకెవరికో దానంతటదే దక్కుతుంది, ఏ పదో తరగతి కుర్రాడికి దక్కినా అడిగేవాడు లేడు. వేరేవాళ్లు పెట్టిన ఫొటోల్లో మన ముఖం ఎప్పటిలాగే నవ్వుతూ ఉంటుంది, ట్యాగ్ ఒక్కటే ఊడుతుంది. స్క్రీన్‌షాట్ల సంగతి చెప్పక్కర్లేదు.

మనుషుల దాకా ఎందుకు, యాప్‌ల దగ్గర మిగిలేది ఇంతకంటే ఎక్కువ. 2018 మార్చిలో, ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్ ద్వారా జనం ఫేస్‌బుక్ వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార సలహా కంపెనీ చేతికి చిక్కాయన్న గొడవ బయటపడ్డప్పుడు ప్రపంచమంతా ‘డిలీట్ ఫేస్‌బుక్’ అని ఊగిపోయింది, ఫేస్‌బుక్‌కే వాట్సాప్‌ను అమ్మిన బ్రయాన్ యాక్టన్ కూడా టైమొచ్చిందంటూ ట్వీట్ పెట్టాడు. అప్పుడు కంపెనీ చెప్పిన లెక్క చూడండి. మన దేశంలో ఆ వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ను పెట్టుకున్నవాళ్లు 335 మంది, వివరాలు బయటికి పోయే అవకాశం ఉన్నవాళ్లు 5,62,455 మంది. ఆ ఐదున్నర లక్షల మందిలో దాదాపు ఎవరూ ఏ బటనూ నొక్కలేదు, వాళ్ల ఫ్రెండ్ ఎవరో నొక్కారంతే. ఆ డేటా తీసేయమని ఫేస్‌బుక్ 2015లోనే అడిగింది, తీసేశామని కాగితం కూడా రాయించుకుంది, మూడేళ్ల తర్వాత చూస్తే పోలేదని వార్తలొచ్చాయి. కంపెనీ అడిగితేనే పోనిది, 2018లో కోపమొచ్చి అకౌంట్ మూసిన మనిషి వల్ల పోతుందా?

ఇప్పుడు దీనికి ఏఐ తోడైంది. 2007 నుంచి పెద్దవాళ్లు పబ్లిక్‌గా పెట్టిన పోస్టులు, ఫొటోలు తమ మోడళ్ల శిక్షణకు వాడామని 2024 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ప్రతినిధి ఆస్ట్రేలియా పార్లమెంటు విచారణలో ఒప్పుకున్నారు. అకౌంట్ తీసేస్తే పోస్టు పోతుంది, దాన్ని చదివి మోడల్ నేర్చుకున్నది మిగులుతుంది. చారులో కలిపిన ఉప్పును మళ్లీ ఏరమంటే ఎవరు ఏరతారు.

చట్టం సంగతికి వస్తే, మన దగ్గర కథ కాస్త విచిత్రం. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఒక మనిషి అకౌంట్ రద్దు చేసుకున్నా, నమోదు కోసం తీసుకున్న వివరాలను ఆ తర్వాత 180 రోజులు కంపెనీ దాచి ఉంచాలి. ఉంచొచ్చు అని కాదు, ఉంచి తీరాలి. పోలీసు కేసుల్లో పనికొస్తాయని. అంటే ఫేస్‌బుక్ 90 రోజులంటున్నా, పేరు, నంబర్, ఈమెయిల్‌లాంటివి ఆరు నెలలు చట్టప్రకారమే లోపల ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మాత్రం నా డేటా చెరిపేయండి అని అడిగే హక్కు ఇచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. 2 కోట్లకు పైగా వాడకందార్లు ఉన్న సోషల్ మీడియా కంపెనీలు, మూడేళ్లు అటు తొంగిచూడని మనిషి డేటాను తీసేయాలని, దానికి 48 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. ఆ 48 గంటల కబురు మూడేళ్లుగా తెరవని ఈమెయిల్‌కే వెళ్తుందేమో, చూడాలి.

యూరప్‌లో ఈ హక్కు 2018 నుంచే ఉంది, దాని వెనక పోరాడినవాళ్లలో మ్యాక్స్ ష్రెమ్స్ ఒకడు. ఆస్ట్రియాలో లా చదువుతుండగా 2011లో నా గురించి మీ దగ్గర ఏముందో ఇవ్వండి అని ఫేస్‌బుక్‌ను అడిగాడు. 1200కు పైగా పేజీలు వచ్చాయి, అందులో తను ఎప్పుడో డిలీట్ చేశాననుకున్నవి కూడా ఉన్నాయి. కంపెనీల తీరు అప్పటికంటే మెరుగుపడిందంటే అందులో ఆ కుర్రాడి మొండితనం పాత్ర చిన్నదేమీ కాదు.

మన దగ్గర అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది ఫోన్ నంబర్ గురించి. సిమ్‌కు రీఛార్జ్ ఆపేస్తే కొన్నాళ్లకు నంబర్ ఆగిపోతుంది, ఆగిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. 2023 నవంబర్‌లో దీని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిన ఈ 90 రోజుల మాట విని, పాత నంబర్ మీద వాట్సాప్ డేటా దుర్వినియోగం కాకుండా ఆ అకౌంట్‌ను, ఫోన్లో ఉన్నదాన్ని తీసేసుకోవాల్సింది వాడకందారే అని కోర్టు తేల్చేసింది. 45 రోజులు వాడకుండా ఉన్న నంబర్ కొత్త ఫోన్‌లో మళ్లీ తెరుచుకుంటే పాత వివరాలు తీసేస్తామని వాట్సాప్ అంటుంది. సరే, వాట్సాప్ సంగతి అలా తీరింది. కానీ అవతలివాళ్ల ఫోన్‌లో నంబర్ సేవ్ అయింది మన పేరుతో. దుబాయ్ వెళ్లి సిమ్ వదిలేసిన కొడుకు పేరు పక్కన ఒకరోజు ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన పూలదండ వేసుకున్న ఫొటో కనిపిస్తే ఊళ్లో అమ్మ గుండె ఎంత కొట్టుకుంటుందో ఊహించుకోండి. ఇంకా ప్రమాదకరమైనది ఓటీపీ. ఫేస్‌బుక్‌కు ఆ నంబర్ తగిలించి మర్చిపోయి ఉంటే, పాస్‌వర్డ్ మార్చే కోడ్ కొత్త యజమానికి వెళ్తుంది. కాబట్టి సిమ్ వదిలేముందు అకౌంట్ల సంగతి చూసుకోవాలి, ఈ క్రమం తలకిందులైతే తర్వాత మీరే మీరని నిరూపించుకోలేక తిప్పలు పడతారు.

పేర్లదీ ఇదే తంతు. ఎక్స్‌లో అకౌంట్ పోయినా పాత పోస్టుల్లో జనం మన యూజర్‌నేమ్ రాసి పిలిచినవి అలాగే ఉంటాయి. ఆ పేరు ఇంకొకరి చేతికి చిక్కితే ఆ పిలుపులన్నీ వాడి గుమ్మానికి చేరతాయి. నలుగురికీ తెలిసిన పేరైతే డిలీట్ చేయడంకంటే అన్నీ ఖాళీ చేసి, లాక్ పెట్టి, పేరు మాత్రం మన దగ్గరే ఉంచుకోవడం మేలు.

కంపెనీయే మనల్ని డిలీట్ చేసే సందర్భం కూడా ఉంది. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. ఇంజినీరింగ్ కాలేజీ రోజుల్లో స్క్రాప్‌లు రాసుకుని, టెస్టిమోనియల్ రాయమని బతిమాలుకున్న తరానికి, ఫొటోలు దించుకోవడానికి 2016 దాకా టైమిచ్చారు. చాలామంది దించుకోలేదు. ఎవరూ డిలీట్ నొక్కకుండానే ఒక తరం కుర్రతనం పోయింది. రెండేళ్లు ముట్టుకోని జీమెయిల్ అకౌంట్లను కూడా గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది, ఫొటోలతో సహా.

అయినా డిలీట్ చేయాలనే ఉంటే (చేయకూడదని ఎవరూ అనడం లేదు, మనశ్శాంతికి ఒక విలువుంది), ముందు ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే యాప్‌లేవో చూసి వాటికి వేరే పాస్‌వర్డ్ పెట్టుకోండి, లేకపోతే అవి కూడా మూసుకుపోతాయి. మీరొక్కరే అడ్మిన్‌గా ఉన్న పేజీ ఏదైనా ఉంటే ఇంకొకరిని చేర్చండి, ఊరి పూర్వ విద్యార్థుల పేజీ మీతోపాటు పోతే తిట్టుకుంటారు. పోవాలనుకున్న పోస్టులను, మెసేజ్‌లను అకౌంట్ ఉండగానే ఒక్కొక్కటిగా తీసేయండి, అవతలివాళ్ల వైపు నుంచి కూడా తీసే వీలున్నవాటిని అలాగే తీయండి, అకౌంట్ పోయాక ఆ అధికారం ఉండదు. చివరగా మొత్తం డేటా దించుకోండి. అక్కడ ఏ రూపంలో కావాలని అడుగుతుంది, హెచ్‌టీఎంఎల్ అనే ఎంచుకోండి. జేసాన్ ఎంచుకుంటే తెలుగులో రాసుకున్నదంతా పాడై వస్తుంది. ఒక్కో తెలుగు అక్షరం కంప్యూటర్ లోపల మూడు ముక్కలుగా ఉంటుంది, ఫేస్‌బుక్ ఆ ముక్కల్ని కలపకుండా విడివిడిగా రాసి ఇస్తుంది, తాతయ్య పెట్టిన ‘చల్లగా ఉండు తల్లీ’ అర్థంకాని గీతల్లా కనిపిస్తుంది. ఆ ఫైల్ తెరిచి, అక్షరాలు అక్షరాల్లా ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఆ ఐదో గుమ్మం దాకా వెళ్లండి.